కోతిజ్వరం బెంగళూరు వైపు వస్తోందా? అడవి పిడుదుల గురించి తెలిసినవారు వివరించగలరు

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ గృహిణి

నమస్కారం. మా సొంత ఊరు హిందూపురం దగ్గర. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరులోనే స్థిరపడ్డాము. సంక్రాంతి సెలవులకు మా వారి సహోద్యోగుల కుటుంబాలతో కలిసి సాగర, జోగ్, కొడచాద్రి వైపు వెళ్ళాలని అనుకుంటున్నాము. మా అత్తగారు, మామగారు కూడా వస్తామంటున్నారు. మా కుక్కను ఎవరి దగ్గరా వదిలిపెట్టే అలవాటు లేదు కనుక దాన్నీ కారులో తీసుకువెళ్ళాలని మా అబ్బాయి పట్టుబట్టాడు.

అయితే మా అపార్ట్‌మెంటు వాట్సాప్ బృందంలో ఒకరు, ఆ ప్రాంతంలో శీతాకాలం నుంచి వేసవి దాకా పిడుదుల వల్ల కోతిజ్వరం వస్తుందనీ, ఒకప్పుడు శివమొగ్గ జిల్లాకే పరిమితమైన ఆ జబ్బు ఇప్పుడు బండీపుర, వయనాడ్, గోవా దాకా పాకిందనీ, ఇక బన్నేరుఘట్ట అడవికి, అక్కడి నుంచి నగరానికి రావడం ఎంతో దూరంలో లేదనీ రాశారు. దాని కింద మరొకరు తమ కుక్క చెవి లోపల అంటుకొని ఉన్న పిడుదుల ఫోటో పెట్టి, "ఇవి అవేనా?" అని అడిగారు. అక్కడి నుంచి చర్చ భయంగా మారిపోయి, పార్కింగ్‌లో తిరిగే వీధికుక్కలన్నిటినీ తరిమివేయాలనే దాకా వెళ్ళింది.

నేను తెలుసుకోదలచినది ఇది. మన ఇళ్ళలో కుక్కలకు పట్టే పిడుదులు, మలెనాడు (శివమొగ్గ వైపు కొండ ప్రాంతం) అడవుల్లో ఉండేవి ఒకటేనా? ఈ వ్యాధి నిజంగా కొత్త ప్రాంతాలకు వ్యాపిస్తోందా, వ్యాపిస్తే దేని వల్ల? జనవరిలో అటు వెళ్ళడం మానుకోవాలా, లేక జాగ్రత్తలతో వెళ్ళవచ్చా? దయచేసి విషయం తెలిసినవారు చెప్పండి. భయపెట్టే వార్తల లంకెలు ఇప్పటికే చాలా చూశాను.


సమాధానం: పశువైద్యుడు, హెబ్బాళ

మొదటి ప్రశ్నకు జవాబు సులువు: ఒకటి కావు. పిడుదుల్లో వందలాది జాతులున్నాయి. ఏ జాతి ఏ జంతువును కోరుతుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఏ సూక్ష్మజీవిని మోయగలదు అనేవి జాతిని బట్టి మారుతాయి. బెంగళూరు ఇళ్ళలో కుక్కలకు పట్టేది దాదాపు ఎప్పుడూ రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అనే గోధుమరంగు కుక్కపిడుదు. దీనికి అడవితో పనిలేదు. లార్వా, నింఫ్, పెద్ద పురుగు అనే మూడు దశల్లోనూ ఇది కుక్క రక్తాన్నే ఇష్టపడుతుంది, రక్తం తాగి కిందికి దిగాక గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనుక, కుక్క పడుకునే గోనె మడతల్లో దాక్కుంటుంది. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. ఆహారం లేకుండా నెలల తరబడి బతకగలదు. అందువల్లనే కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేసినవారికి, వీధికుక్కలను తరిమి తమ గోడ పగుళ్ళను వదిలేసినవారికి కూడా బెడద తిరిగి వస్తూనే ఉంటుంది.

ఈ కుక్కపిడుదు కోతిజ్వరాన్ని మోసేది కాదు. కానీ నిరపాయమైనదని అనుకోకండి. కుక్కల్లో ఎర్లీకియా, బాబీసియా అనే రెండు జబ్బులు దీని వల్లే వస్తాయి. జ్వరం, తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి. మనుషులకు కూడా అరుదుగా దీని కాటు వల్ల రికెట్సియా జాతి జ్వరం వస్తుంది. అందులో అరచేతులు, అరికాళ్ళ మీద కూడా దద్దుర్లు లేవడం ఒక గుర్తు. దానికి డాక్సీసైక్లిన్ అనే మాత్ర బాగా పనిచేస్తుంది.

ఇక కుక్కను మలెనాడుకు తీసుకువెళ్ళే విషయంలో నా సలహా ఒక్కటే: వద్దు. అడవి అంచుల్లో తిరిగిన కుక్క ఒంటి మీద అక్కడి పిడుదులు ఎక్కి, మీ కారులోకీ మీ పడక గదిలోకీ వస్తాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరో మాట. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందులు పిల్లికి ప్రాణాంతకం. దుకాణదారు చెప్పకపోవచ్చు కనుక చెబుతున్నాను.


సమాధానం: సాగరలో పనిచేసిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజాజీనగర

నేను కడప జిల్లావాణ్ణి. ఉద్యోగంలో ఎక్కువ కాలం సాగర, హొసనగర తాలూకాల్లోని శాఖల్లో గడిపాను. పంటరుణాల పని మీద వక్కతోటలకు, అడవి పక్క ఇళ్ళకు తిరగవలసి వచ్చేది. అక్కడివారు దీన్ని మంగన కాయిలె అంటారు. వైద్యుణ్ణి కాను కానీ, ఆ ఊళ్ళలో ఈ జబ్బు ఎలా వస్తుందో దగ్గరగా చూసినవాణ్ణి కనుక కొంత వివరంగా రాస్తాను.

1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవి చుట్టుపక్కల గ్రామాల్లో జ్వరాలు పెరిగాయి. అదే సమయంలో అడవిలో కోతులు చచ్చిపడి కనిపించాయి. కోతులు, మనుషులు ఒకేసారి జబ్బుపడటం చూసి, దక్షిణ అమెరికా, ఆఫ్రికా అడవుల్లో ఉండే పచ్చజ్వరం ఆసియాకు వచ్చిందేమోనని మొదట భయపడ్డారు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు కోతుల నుంచీ, మనుషుల నుంచీ, పిడుదుల నుంచీ వైరస్‌ను వేరుచేసి చూస్తే అది పచ్చజ్వరం కాదు, రష్యా అడవుల్లో పిడుదుల వల్ల వచ్చే మెదడువాపు వైరస్‌కు దగ్గరి బంధువని తేలింది. సైబీరియా నుంచి శీతాకాలంలో వలస వచ్చే పక్షులు దాన్ని మోసుకొచ్చాయా అనే సందేహం పుట్టడంతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో 1959 నుంచి బొంబాయి సహజ చరిత్ర సంఘం సలీం అలీ ఆధ్వర్యంలో పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే పెద్ద పథకం చేపట్టింది. పక్షులే తెచ్చాయన్న ఊహకు బలం దొరకలేదు కానీ, మన దేశపు పక్షుల వలస గురించి ఈనాడు తెలిసినదానిలో ఎంతో భాగం ఆ పథకం చలవే. ఒక జ్వరం వెనుక వెళ్ళి పక్షిశాస్త్రం బాగుపడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అక్కడ ఈ వైరస్‌ను ప్రధానంగా మోసేది హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే అడవి పిడుదు. వర్షాకాలం తరువాత గుడ్ల నుంచి లార్వాలు వచ్చి నేల మీది ఎండుటాకుల్లో గుంపులుగా ఉంటాయి. అవి ఎలుకలు, చుంచులు, నేల మీద మేసే పక్షులు, కోతుల రక్తం తాగి నింఫ్ దశకు మారుతాయి. వైరస్ ఉన్న జంతువు రక్తం తాగిన లార్వా, నింఫ్‌గా మారిన తరువాత కూడా ఆ వైరస్‌ను తనలో నిలుపుకుంటుంది. నవంబరు నుంచి మే వరకు అడవిలో విరివిగా ఉండేది ఈ నింఫ్ దశే, మనిషిని ఎక్కువగా కుట్టేదీ ఇదే. ఒకటి రెండు మిల్లీమీటర్ల పురుగు. కుట్టినా నొప్పి తెలియదు, చాలామంది రోగులకు పిడుదు కుట్టిన జ్ఞాపకమే ఉండదు. పెద్ద పిడుదులు వానాకాలంలో పశువులకు పడతాయి. పశువులకు ఈ జబ్బు రాదు, కానీ పెద్ద పిడుదులకు కావలసిన రక్తం వాటి దగ్గరే దొరుకుతుంది గనుక, అడవిలో మేసి సాయంత్రం కొట్టానికి తిరిగివచ్చే పశువులే అడవి అంచున పిడుదుల సంతతిని పెంచుతున్నాయి.

కొండముచ్చులూ, ఊళ్ళలో తిరిగే మామూలు కోతులూ మాత్రం ఈ జబ్బుతో చచ్చిపోతాయి. కోతి చనిపోయి ఒళ్ళు చల్లబడగానే దాని మీది పిడుదులు నేల మీదికి దిగిపోతాయి. ఆ చెట్టు కింద నేల కొన్ని వారాలపాటు ప్రమాదకరంగా ఉంటుంది. అందుకే కోతి కళేబరం కనిపించిందని తెలియగానే ఆరోగ్యశాఖవారు వచ్చి, చుట్టూ 50 అడుగుల మేర మందుపొడి చల్లి, కళేబరాన్ని కాల్చివేస్తారు. ఊరివాళ్ళలో చనిపోయిన కోతికి అరటి ఆకు పరిచి పూజ చేసి పాతిపెట్టే ఆచారం ఉండేది. అది మానమని ఒప్పించడం అక్కడి ఆరోగ్య కార్యకర్తలకు చాలా కష్టమైన పనుల్లో ఒకటి.

జబ్బు ఎవరికి వస్తుందో చూడండి. వక్కతోటల యజమానులకు తోట పక్కనే ఆకుఎరువు కోసం సొప్పినబెట్ట అనే అడవి భాగం ఉంటుంది. శీతాకాలం, వేసవి నెలల్లో కూలీలు అక్కడికి వెళ్ళి ఎండుటాకులు ఊడ్చి, బుట్టల్లో నింపి నెత్తిన మోసి తెస్తారు. పశువుల కింద పరుస్తారు, తోటకు వేస్తారు. కట్టెలు కొట్టేవారు, తేనె తీసేవారు, పశువులు కాసేవారు, అటవీశాఖ దినకూలీలు కూడా అంతే. రోడ్డు పక్కన నిలబడి జోగ్ జలపాతం చూసి హోటలుకు తిరిగివచ్చేవారి సంగతి వేరు. 2018, 2019 సంవత్సరాల్లో సాగర తాలూకా అరళగోడులో జబ్బు విజృంభించి చాలామంది పోయినప్పుడు కూడా, బాధితులు ఆ అడవిలోనే బతుకు వెళ్ళదీసేవారు.


సమాధానం: మారతహళ్ళి పాఠకుడు

ఇదంతా భూతాపం వల్లనే కదండీ? అమెరికా, కెనడాల్లో కూడా పిడుదులు ఉత్తరానికి జరుగుతున్నాయని చదువుతున్నాం. వేడి పెరిగితే ఇక్కడా అంతే జరుగుతుంది. బన్నేరుఘట్టకు రావడం కేవలం సమయం ప్రశ్న.


సమాధానం: కీటకశాస్త్ర పరిశోధక విద్యార్థిని, యలహంక

పై వ్యాఖ్యలో సగం నిజం ఉంది, ఆ సగం కెనడాకు వర్తిస్తుంది. లైమ్ వ్యాధిని మోసే ఇక్సోడిస్ స్కాపులారిస్ అనే పిడుదు 1970లలో కెనడాలో ఈరీ సరస్సు ఒడ్డున లాంగ్ పాయింట్ అనే ఒక్క చోట స్థిరపడినట్లు తెలిసేది. ఈనాడు అది మానిటోబా దక్షిణ భాగం నుంచి నోవాస్కోషియా దాకా ఉంది. వలస పక్షుల మీద నింఫ్‌లు ఏటా ఉత్తరానికి వెళుతూనే ఉండేవి. కానీ అక్కడి చలికి తమ జీవితచక్రాన్ని పూర్తి చేసుకోలేక చచ్చిపోయేవి. చలి తగ్గడంతో వెళ్ళినవి నిలదొక్కుకున్నాయి. దాంతోపాటు జింకలు పెరగడం, పాత పొలాలు మళ్ళీ అడవులుగా మారడం కూడా వాటికి కలిసివచ్చాయి.

మరో రకం వ్యాప్తి కూడా ఉంది. తూర్పు ఆసియాకు చెందిన హీమాఫైసాలిస్ లాంగికార్నిస్ అనే పిడుదును 2017లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక గొర్రె మీద గుర్తించారు. ఆ జాతిలో ఆడ పురుగు మగతోడు లేకుండానే సంతానం కనగలదు. అంటే పశువుతో పాటు ఓడ దిగిన ఒక్క పిడుదు చాలు, ఒక ప్రాంతాన్ని ఆక్రమించడానికి. ఇప్పుడది ఎన్నో రాష్ట్రాల్లో ఉంది. ఈ రెండు సందర్భాల్లోనూ కదిలింది పిడుదే.

కోతిజ్వరం కథ ఇలాంటిది కాదు, నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయం ఇదే. హీమాఫైసాలిస్ స్పినిజెరా శివమొగ్గ నుంచి బయలుదేరి ఎక్కడికీ వెళ్ళలేదు. అది దక్షిణ, మధ్య భారతదేశంలో అనేక అడవుల్లో, శ్రీలంకలో మొదటి నుంచీ ఉన్నదే. పిడుదు ఉన్న ప్రాంతం పెద్దది, జబ్బు కనిపించిన ప్రాంతం చిన్నది. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న "పిడుదు ఎప్పుడు వస్తుంది?" అని కాదు, పిడుదులు ముందే ఉన్న అడవుల్లో కొన్నిచోట్ల మాత్రమే వైరస్ ఎందుకు తలెత్తుతోంది అని అడగాలి.

కాలక్రమం చూస్తే కొంత అర్థమవుతుంది. 1980ల తొలినాళ్ళలో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి ప్రాంతంలో పెద్ద ఎత్తున జబ్బు చెలరేగింది. జీడిమామిడి తోటల కోసం అడవిని నరికిన చోటనే అది మొదలైంది. 2012 చివర బండీపురలో చనిపోయిన కోతుల కళేబరాలను తొలగించిన అటవీ సిబ్బందికి జ్వరం వచ్చింది. ఆ తరువాత దాన్ని ఆనుకొని ఉన్న నీలగిరి అడవుల కోతుల్లో వైరస్ కనిపించింది. 2013లో వయనాడ్‌లో తొలి కేసు, 2015లో అక్కడే పెద్ద విజృంభణ. అదే 2015లో గోవాలోని సత్తరి తాలూకాలో, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లా దోడామార్గ్ ప్రాంతంలో కేసులు బయటపడ్డాయి. గోవాలో బాధితుల్లో చాలామంది జీడితోటల్లో పనిచేసేవారు. జీడిపండ్లు రాలే కాలం, నింఫ్‌లు విరివిగా ఉండే కాలం ఒకటే కావడం వారి దురదృష్టం.

మ్యాపు మీద ఈ ఊళ్ళను కలుపుతూ గీత గీస్తే పడమటి కనుమల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జబ్బు పాకినట్లే ఉంటుంది. కొంతమేర పాకిందనే నేనూ అనుకుంటాను. కానీ ఆ గీత ఎంత వ్యాప్తిని చూపుతుందో, ఎంత పరీక్షల పెరుగుదలను చూపుతుందో విడదీయడం కష్టం. 2012 తరువాతి సంవత్సరాల్లో వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా పట్టే పరీక్ష అందుబాటులోకి వచ్చింది, పొరుగు రాష్ట్రాల వైద్యులు అనుమానించి నమూనాలు పంపడం మొదలుపెట్టారు. అంతకుముందు అదే అడవుల్లో "విషజ్వరం"తో పోయినవారి రక్తాన్ని ఈ వైరస్ కోసం ఎవరూ చూడలేదు. దశాబ్దాల కిందటి సర్వేల్లో గుజరాత్‌లోని కచ్, సౌరాష్ట్ర ప్రాంతాల మనుషుల రక్తంలో కూడా ఈ వైరస్‌కు, లేదా దాని దగ్గరి బంధువుకు, ప్రతిరక్షకాలు దొరికాయి. అక్కడ కోతిజ్వరం విజృంభించినట్లు మాత్రం ఎవరూ చూడలేదు.

నా అభిప్రాయంలో వాతావరణం కన్నా అడవి అంచు ముఖ్యం. దట్టమైన అడవి దట్టంగా ఉన్నంత కాలం మనిషికి వైరస్‌తో పని పడదు. పూర్తిగా పొలంగా మారిపోయిన చోట పిడుదుకు తేమా నీడా దొరకవు. మధ్యలో, అంటే వక్క, జీడి, టేకు తోటలు, వాటి నడుమ మిగిలిన అడవి ముక్కలు, వాటిలో మేసే పశువులు, తోటల్లో తిండికి అలవాటుపడిన కోతులు కలగలిసి ఉన్న చోటనే అన్నీ ఒకదానికొకటి తగులుతాయి. పడమటి కనుమల పొడుగునా ఇలాంటి అంచులు పెరుగుతున్నాయి. బన్నేరుఘట్ట గురించి నేను నిద్ర చెడగొట్టుకోను. అది పొడి అడవి, ఎండాకాలంలో ఆకులు రాల్చి నేలను ఎండకు వదిలేసేది. కర్ణాటకలో ఏటా కేసులు వస్తున్నది మలెనాడులోనూ దాన్ని ఆనుకొని ఉన్న జిల్లాల్లోనూ. అయితే ఊళ్ళలో బెడదగా మారిన కోతులను పట్టి లారీలకెత్తి దూరపు అడవుల్లో వదిలే పద్ధతి మాత్రం నాకు ఆందోళన కలిగిస్తుంది. కోతితో పాటు దాని రక్తం, దాని ఒంటి మీది పిడుదులు కూడా ఆ లారీలోనే ప్రయాణిస్తాయి.


వైట్‌ఫీల్డ్ గృహిణి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. కుక్కను తీసుకువెళ్ళే ఆలోచన మానుకున్నాము. మూడు చిన్న సందేహాలు. దీనికి టీకా ఉందని మా మామగారు అంటున్నారు, వేయించుకోవచ్చా? అడవిలోకి వెళ్ళివచ్చిన తరువాత జ్వరం వస్తే బెంగళూరులో వైద్యునికి ఏమని చెప్పాలి? చివరిది, హిందూపురంలో మా మామగారికి నాలుగు ఆవులున్నాయి, వాటికి గోమార్లు విపరీతం. ఆయన వాటిని చేత్తో పీకి గోరుతో నలిపేస్తారు. దాని వల్ల ప్రమాదం ఉందా?


సమాధానం: జనరల్ మెడిసిన్ వైద్యురాలు, జయనగర

టీకా సంగతి ముందు. ఫార్మలిన్‌తో నిర్జీవం చేసిన వైరస్‌తో తయారైన టీకాను 1990 నుంచి మలెనాడు గ్రామాల్లో వేసేవారు. తరువాతి కాలంలో అది మన హెబ్బాళలోని ప్రభుత్వ పశువైద్య జీవ ఉత్పత్తుల సంస్థలోనే తయారయ్యేది. నెల వ్యవధిలో రెండు మోతాదులు, ఆ తరువాత బూస్టర్లు వేయాలి. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రెండు మోతాదుల వల్ల సుమారు 62 శాతం, బూస్టరు కూడా తీసుకుంటే సుమారు 83 శాతం రక్షణ కనిపించింది. కానీ ఇంజెక్షన్ చోట తీవ్రమైన నొప్పి వల్ల చాలామంది బూస్టర్లకు రాలేదు, టీకా బలం కూడా క్రమంగా తగ్గింది. 2022లో దాన్ని ఆపివేశారు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ కలిసి కొత్త టీకా రూపొందిస్తున్నాయి. కాబట్టి విహారయాత్రకు ముందు వేయించుకోదగిన టీకా ప్రస్తుతం లేదు. మీ మామగారు విన్నది పాత టీకా గురించే అయి ఉంటుంది.

జ్వరం విషయం. పిడుదు కుట్టిన 3 నుంచి 8 రోజుల్లో హఠాత్తుగా చలితో జ్వరం, నుదుటి దగ్గర తీవ్రమైన తలనొప్పి, నడుము, పిక్కల కండరాల్లో భరించలేని నొప్పులు, కళ్ళు ఎర్రబడటం, కొందరిలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గుతాయి. బెంగళూరులో ఈ లక్షణాలు చూసిన ఏ వైద్యునికైనా మొదట తోచేది డెంగీ. డెంగీ పరీక్ష నెగెటివ్ వస్తే "ఏదో వైరల్ జ్వరం" అని ఊరుకునే అవకాశం ఉంది. అందువల్ల "ఫలానా తేదీల్లో సాగర తాలూకాలో అడవిలో నడిచాము" అని మీరే ముందుగా చెప్పాలి, అడిగేదాకా ఆగవద్దు. మొదటి వారంలో వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష, తరువాత ప్రతిరక్షకాల పరీక్ష ఉపయోగపడతాయి. అవి ప్రతి లేబొరేటరీలోనూ జరగవు. ఆరోగ్యశాఖ ద్వారా నమూనా పంపవలసి ఉంటుంది.

ఈ వైరస్‌ను చంపే మందు లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, రక్తస్రావాన్ని, రక్తపోటును కనిపెట్టుకోవడమే చికిత్స. నొప్పులకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా వేసుకోవద్దు, వాటి వల్ల రక్తస్రావం పెరగవచ్చు. చాలామంది రెండు వారాల్లో కోలుకుంటారు. పది నుంచి ఇరవై శాతం మందిలో జ్వరం తగ్గి, ఒకటి రెండు వారాల తరువాత మళ్ళీ వస్తుంది. అప్పుడు మెడ బిగుసుకోవడం, వణుకు, చూపు మసకబారడం వంటి నరాల లక్షణాలు ఉండవచ్చు. మరణాల శాతం 3 నుంచి 5. మనిషి నుంచి మనిషికి సోకదు కనుక రోగికి సేవ చేసేవారు దూరం జరగనక్కరలేదు.

మీ మామగారివంటి పెద్దలకు రాయలసీమలోనే మరో జ్వరం గుర్తుపెట్టుకోవలసినది ఉంది: స్క్రబ్ టైఫస్. ఇది పిడుదు వల్ల కాదు, పొదల్లో ఉండే నల్లివంటి అతిచిన్న జీవి లార్వా కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పొక్కు ఉంటుంది, చంకలో, గజ్జల్లో దాగి ఉండి కనిపించదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఏటా చూస్తున్నదే. దీనికి డాక్సీసైక్లిన్ ప్రాణం నిలిపే మందు. పొలానికో అడవికో వెళ్ళిన మనిషికి అంతుచిక్కని జ్వరం వస్తే మేము ఈ రెండు దారులనూ వెతకవలసి ఉంటుంది.

వెళ్ళవచ్చా అంటే, జోగ్ చూసి రావడానికి నాకు అభ్యంతరం లేదు. కొడచాద్రి అడవిదారిలో పెద్దలతో నడక మాత్రం జనవరిలో నేనైతే పెట్టుకోను. తప్పదనుకుంటే లేతరంగు పొడుగుచేతుల బట్టలు వేసుకొని, ప్యాంటు అంచును సాక్సులోకి దోపి, పురుగులను దగ్గరకు రానివ్వని డీట్ ఉన్న పూతమందు రాసుకోండి. మలెనాడులోని ఆరోగ్య కేంద్రాల్లో రక్షణ పరిశోధన సంస్థ రూపొందించిన డేపా నూనెను అడవికి వెళ్ళేవారికి ఉచితంగా ఇస్తారు. దాన్ని అడిగి తీసుకోవచ్చు. ఎండుటాకుల మీద కూర్చోవద్దు, దుప్పటి పరిచి పడుకోవద్దు. బసకు రాగానే బట్టలు వేడినీటిలో నానబెట్టి, స్నానం చేసి, మోకాళ్ళ వెనుక, నడుము పట్టీ దగ్గర, చెవుల వెనుక, జుట్టు కుదుళ్ళలో వెతకండి. పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని తిన్నగా పైకి లాగండి. కిరసనాయిలు పోయడం, అగరుబత్తితో కాల్చడం చేయవద్దు. లైమ్ వ్యాధి గురించి చదివి, ఒక రోజులోపు తీసేస్తే ఫరవాలేదని కొందరు అనుకుంటారు. ఆ గంటల లెక్క ఈ వైరస్‌కు వర్తించదు.


సమాధానం: పశువైద్యుడు, హెబ్బాళ

గోమార్లను గోరుతో నలిపే అలవాటు మాన్పించండి. మన వైపు ఆవులకు పట్టేవాటిలో హయలోమా జాతివి కూడా ఉంటాయి. ఈ జాతి పిడుదులే క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరాన్ని మోస్తాయి. 2011లో గుజరాత్‌లో సాణంద్ దగ్గర ఆ జ్వరం మన దేశంలో తొలిసారి గుర్తింపు పొందింది. రోగికి చికిత్స చేసిన ఆసుపత్రి సిబ్బంది కూడా మరణించారు. తరువాత గుజరాత్, రాజస్థాన్‌లలో కేసులు వచ్చాయి. హిందూపురంలో ఆ జ్వరం ఉందని నేను అనడం లేదు. పిడుదు కడుపులోని రక్తం గోటి చీలికల్లోకి చేరే పని ఏ ఊళ్ళోనూ మంచిది కాదని మాత్రమే అంటున్నాను. చేతికి తొడుగు వేసుకొని తీసి, సబ్బునీళ్ళ సీసాలో వేయమనండి.

ఆవులకు అసలు నష్టం వేరే ఉంది. హయలోమా వల్ల వచ్చే థైలీరియా జ్వరం నాటు ఆవులను అంతగా బాధించదు కానీ జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులను రోజుల్లో పడగొడుతుంది. సంకర దూడలకు దీనికి టీకా ఉంది, మీ మండల పశువైద్యశాలలో అడగండి. మందును ఆవుల ఒంటికి పూసినంతలో సరిపోదు. కొట్టం గోడల పగుళ్ళు సిమెంటుతో పూడ్చి, మూలల్లో కూడా పిచికారీ చేయాలి. ఒకే మందును ఏళ్ళ తరబడి వాడితే పిడుదులు దానికి లొంగకుండా పోతాయి కనుక వైద్యుని సలహాతో మందు మారుస్తూ ఉండాలి. మందు వేసిన తరువాత ఎన్ని రోజులు పాలు వాడకూడదో డబ్బా మీద ఉంటుంది, చూసుకోండి.

మీ కుక్కను ఆ నాలుగు రోజులూ బోర్డింగ్‌లో ఉంచేటట్లయితే, చేర్చడానికి ముందే పిడుదుల మాత్ర ఇప్పించండి. ఎన్నో ఇళ్ళ కుక్కలు వచ్చిపోయే గదుల్లోనే నగరపు పిడుదులు ఎక్కువగా చేతులు మారుతున్నాయి. తిరిగి తీసుకువచ్చిన రోజున చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య చూడండి. తరువాతి మూడు వారాల్లో అది తిండి మానితే మాత్రం రక్తపరీక్షకు తీసుకురండి.